ఏ బాలకృష్ణ? ఏ 'చివరకు మిగిలేది'?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాలేజీ వార్షికోత్సవంలో తెలుగు క్విజ్ పెట్టారు, మూడు ప్రశ్నల దగ్గర గొడవైంది. ఒకటి: "హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రి అధిపతి ఎవరు?" మీ జవాబు బాలకృష్ణ. రెండు: "పాతాళభైరవిలో ఎన్టీఆర్ పక్కన అంజిగా వేసిన నటుడు ఎవరు?" మీ జవాబు బాలకృష్ణ. ఒక జట్టు "ఎన్టీఆర్ గారి అబ్బాయి" అని వివరించి మరీ చెప్పింది. మూడు: "బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' ఏ సంవత్సరంలో సినిమాగా వచ్చింది?" మీ దగ్గరున్న జవాబు 1960. ఆ సినిమాకీ ఆ నవలకీ సంబంధమే లేదని ఇంకో జట్టు లేచింది. ఎవరిది ఒప్పు, ఇకమీద ఇలాంటివి ఎలా సరిచూసుకోవాలి అన్నారు.

ముందు జవాబులు చెప్పేస్తాను. మొదటి ప్రశ్న ప్రశ్నగానే చెల్లదు, కొట్టేయండి. రెండో దానికి సరైన జవాబు వల్లూరి బాలకృష్ణ, నందమూరి బాలకృష్ణ కాదు. మూడో దాంట్లో గొడవపడ్డ జట్టుదే ఒప్పు, మీది తప్పు. మూడు చోట్లా జరిగింది ఒకటే: పేరు కలిసింది కదా అని మనిషీ కలిశాడనుకున్నారు, పుస్తకమూ కలిసిందనుకున్నారు. పేరు పక్కన రెండో గుర్తు ఒకటి పెట్టుకుని చూస్తే ఈ గొడవలు రావు.

నేను గ్రంథాలయాల్లో ఇరవయ్యేడేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. కేటలాగ్ కార్డులు రాయడం, పిల్లలకు సెలవుల్లో క్విజ్‌లు పెట్టడం నా పని. మీరు చేసిన తప్పులు దాదాపు అన్నీ మీకంటే ముందు నేనే చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆసుపత్రి ప్రశ్న సంగతి

"హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రి" అంటే ఏది? మీ మనసులో ఉన్నది బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి. కానీ హైదరాబాద్ పాతకాపులను అడగండి, క్యాన్సర్ ఆసుపత్రి అనగానే రెడ్ హిల్స్ అంటారు. అది ప్రభుత్వానిది, 1955 నుంచీ ఉంది. ఎంఎన్‌జే అని పిలుస్తాం. ఎంఎన్‌జే అంటే మెహ్దీ నవాజ్ జంగ్, హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేసి, 1960లో గుజరాత్ ఏర్పడినప్పుడు దానికి తొలి గవర్నర్‌గా వెళ్ళినాయన.

ఇక్కడే ఇంకో పేరు గొడవ ఉంది. నిజాంసాగర్ కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్, ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం చేస్తారు. ఈ ఇద్దరినీ ఒకరే అనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. పోనీ అన్నదమ్ములనుకునేవాళ్ళూ ఉన్నారు. 'నవాజ్ జంగ్' అనేది ఇంటిపేరు కాదండీ, నిజాం ఇచ్చే బిరుదు. సాలార్ జంగ్, అలీ యావర్ జంగ్ అందరూ ఆ వరసే. మన 'రావు బహద్దూర్'లందరూ ఒకే ఇంటివాళ్ళని అనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

విశాఖ వైపు వెళ్తే ఇంకో చిక్కు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అదే పేరుతో వారణాసిలో ఒకటి, పంజాబ్ సంగ్రూర్‌లో ఒకటి ఉన్నాయి. అన్నీ ముంబై టాటా మెమోరియల్ సెంటర్ కిందివే. ఊరు పేరు చెప్పకుండా "హోమీ భాభా ఆసుపత్రి డైరెక్టర్ ఎవరు" అంటే జవాబు లేదు.

ఇక 'అధిపతి' అనే మాట. బసవతారకం ఆసుపత్రిని నడిపేది ట్రస్టు. ఆ ట్రస్టు బోర్డు చైర్మన్‌గా చాలా ఏళ్ళుగా ఉన్నది నందమూరి బాలకృష్ణ గారు. అంతవరకు మీ జవాబు ఒప్పే. కానీ చైర్మన్ వేరు, రోజువారీ నడిపే సీఈఓ వేరు, వైద్యం తీరు చూసే మెడికల్ డైరెక్టర్ వేరు. ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ సంస్థలో డైరెక్టర్ అంటే డాక్టరే. ట్రస్టు ఆసుపత్రిలో చైర్మన్ డాక్టర్ కానక్కర్లేదు, రోగిని చూడనక్కర్లేదు. 'అధిపతి' అన్న ఒక్క మాట ఇన్ని కుర్చీల మీద కూర్చుంటుంది.

ఈ తేడా క్విజ్‌లో మార్కుల కోసమే అనుకోకండి. మా అక్కకు క్యాన్సర్ వచ్చినప్పుడు నేను ఒక ఆసుపత్రిలో (పేరెందుకులెండి) బిల్లు తగ్గించమని చైర్మన్ గారి పేరున రెండు పేజీల అర్జీ రాశాను. లైబ్రేరియన్ని కదా, చేతిరాత ముత్యాల్లా ఉంది. అది పది రోజులు ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్‌కి తిరిగి నా దగ్గరికే వచ్చింది. కింది అంతస్తులో ఉన్న మెడికల్ సోషల్ వర్కర్ ఒకమ్మాయి చూసి, "అంకుల్, ఇది నా దగ్గర మొదలవ్వాలి. రేషన్ కార్డు, డాక్టర్ రాసిన అంచనా పట్టుకొచ్చారా?" అంది. రెండు రోజుల్లో పనైంది. ఎవరు పెద్ద అని కాదు, ఏ పని ఎవరిది అని అడగాలన్నది అప్పుడు తెలిసింది.

అదే ఆసుపత్రిలో ఇంకో పాఠం. కీమో ఎక్కించే ముందు నర్సు ప్రతిసారీ పేరు అడిగేది, పుట్టినతేదీ అడిగేది, చేతికున్న పట్టీ మీద నంబర్ చూసేది. నిన్న వచ్చాం, మొన్న వచ్చాం, అయినా మళ్ళీ అదే. మా అక్క విసుక్కునేది. ఒకరోజు మా అక్క పేరు పిలిస్తే ఇద్దరు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఇద్దరి పేరూ ఒకటే, వయసూ ఇంచుమించు ఒకటే. ఆ నర్సు ఏమీ కంగారుపడలేదు. పట్టీ మీద నంబర్ చూసి ఒకరిని కూర్చోబెట్టింది. రోగిని కనీసం రెండు గుర్తులతో పోల్చుకోవాలన్నది రోగి భద్రతలో మొట్టమొదటి నియమమట. గది నంబర్ గుర్తుగా పనికిరాదు, మంచం మారొచ్చు కాబట్టి. ఇంటికొచ్చాక నాకు నవ్వొచ్చింది. మేం కార్డుల మీద పేరు పక్కన పుట్టిన సంవత్సరం రాసేది అచ్చం ఇందుకే కదా!

కాబట్టి ప్రశ్నను ఇలా మార్చండి: "బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఎవరి పేరున వెలిసింది?" ఎన్టీఆర్ గారి భార్య బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరున, అమెరికాలోని తెలుగువాళ్ళ తోడ్పాటుతో, 2000 సంవత్సరంలో ఆసుపత్రి మొదలైంది. ఇది ఏ ఏడు అడిగినా మారదు. మారే పదవిని అడక్కండి. తప్పక అడగాలంటే పదవి పూర్తి పేరు, ఏ నాటికి అన్నదీ ప్రశ్నలోనే చెప్పండి.

బాలకృష్ణలు, రామారావులు

పాతాళభైరవి వచ్చింది 1951లో. నందమూరి బాలకృష్ణ గారు పుట్టింది 1960 జూన్‌లో. తొలి సినిమా 1974లో తండ్రి తీసిన 'తాతమ్మ కల'. ఇక అంజి ఆయనెలా అవుతాడు? టైటిల్స్‌లో 'బాలకృష్ణ' అని ఉంటుంది కాబట్టి ఆ జట్టు పొరబడింది, నేను వాళ్ళను తప్పు పట్టను. నిజానికి ఆ రోజుల్లో వల్లూరి బాలకృష్ణ చాలా పేరున్న హాస్యనటుడు. తోటరాముడి వెంట ఆ అంజి లేకపోతే సినిమా సగం చప్పబడిపోయేది. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే ఇంకెవరో గుర్తొస్తున్నారు, అదొక్కటే బాధ.

మీ తప్పు ఎక్కడంటే, జవాబులో ఇంటిపేరు లేదు. ఇంటిపేరు రాసి ఉంటే గొడవ అక్కడే తెగేది.

రామారావుల దగ్గర ఇంటిపేరూ చాలదు. నందమూరి తారక రామారావు అంటే 1923లో పుట్టిన తాతా, 1983లో పుట్టిన మనవడూ ఇద్దరూ. తారక రామారావు అనే రాజకీయ నాయకుడు అంటారా, కల్వకుంట్ల వారబ్బాయి కేటీఆర్ పేరూ అదే. 1977లో వచ్చిన 'యమగోల' చూడండి: హీరో ఎన్.టి. రామారావు, దర్శకుడు టి. రామారావు. తెలియనివాళ్ళు 'ఎన్' ఒకచోట ముద్రణలో ఎగిరిపోయిందనుకుంటారు. ఆ దర్శకుడు తాతినేని రామారావు. యద్దనపూడి సులోచనారాణి నవల 'జీవన తరంగాలు'ను 1973లో సినిమాగా తీసిందీ ఆయనే. పోనీ తాతినేని అంటే సరిపోతుందా? తాతినేని ప్రకాశరావు అని ఇంకో పెద్ద దర్శకుడున్నారు, 'పల్లెటూరు', 'ఇల్లరికం' తీసినాయన. పోనీ ప్రకాశరావు అందామా? కోవెలమూడి ప్రకాశరావు వస్తారు, కోడూరి కౌసల్యాదేవి నవల మీద 1971లో 'ప్రేమనగర్' తీసినాయన, రాఘవేంద్రరావు గారి నాన్న. మనకు పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో 'మల్లాది' అన్న ఒక్క శీర్షిక కింద అన్ని కార్డులూ గుచ్చేశాను. మల్లాది రామకృష్ణశాస్త్రి కథలు, మల్లాది వసుంధర చారిత్రక నవలలు, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలలు, అన్నీ ఒకే చోట. ఒకరోజు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు కార్డుల డ్రాయర్ లాగి చూసి, కళ్ళజోడు సర్దుకుని, "ఏమయ్యా, శాస్త్రిగారు 1965లోనే పోయారే, 'చంటబ్బాయి' ఎప్పుడు రాశారు?" అన్నారు. చిరంజీవి సినిమా అప్పటికే వచ్చేసింది. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ సాయంత్రమే కూర్చుని కార్డులన్నీ మళ్ళీ రాశాను.

పుస్తకం, సినిమా: పేరు కలిస్తే చాలదు

ఇక 'చివరకు మిగిలేది'. దీన్ని నేను కొంచెం సాగదీస్తాను, ఎందుకంటే ఇది మామూలు వలలా లేదు, పడిపోయేట్టే ఉంది.

బుచ్చిబాబు (అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు) నవల 1940లలో వచ్చింది. కథానాయకుడు దయానిధి డాక్టరు. 1960లో అదే పేరుతో సావిత్రి సినిమా వచ్చింది, గుత్తా రామినీడు దర్శకుడు. ఆ కథ నడిచేది మానసిక రోగుల ఆసుపత్రిలో, సావిత్రి నర్సు. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క ఆసుపత్రి, పేరు అక్షరం తేడా లేకుండా అదే. పైగా సినిమా నిజంగానే సాహిత్యం నుంచి వచ్చింది! ఇన్ని కలిశాక ఎవరు పొరబడరు? కాకపోతే వచ్చింది బుచ్చిబాబు నుంచి కాదు. బెంగాలీలో అశుతోష్ ముఖర్జీ రాసిన కథ మీద సుచిత్రా సేన్‌తో 1959లో 'దీప్ జ్వేలే జాయ్' తీశారు. దాన్నే మనవాళ్ళు తెలుగు చేశారు. అదే కథ 1969లో హిందీలో వహీదా రెహ్మాన్ 'ఖామోషీ' అయింది. బుచ్చిబాబు నవల మీద గౌరవంతో ఆ పేరు పెట్టారేమో అని కొందరంటారు. అంటే అనుకోవచ్చు, క్విజ్‌లో జవాబుగా మాత్రం రాయకూడదు.

ఇలాంటిదే పాతది: 1938 నాటి 'మాలపిల్ల', ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నవల. గుణింతాల తేడా అంతే, రెండిట్లోనూ కులం ప్రశ్న. కానీ 'మాలపిల్ల' సినిమాకు కథ ఇచ్చింది చలం. ఇది పోటీ పరీక్షల గైడుల్లో కూడా తప్పుగా ఉండటం చూశాను.

దేవదాసులైతే చెప్పనక్కర్లేదు. 1953లో అక్కినేని, 1974లో కృష్ణ, ఈ రెండూ శరత్ నవల నుంచి. 2006లో రామ్ తొలి సినిమా 'దేవదాసు'కి ఆ నవలతో పని లేదు. 2018 'దేవదాస్' అయితే దేవ ఒకడు, దాస్ ఒకడు, నాగార్జున, నాని!

యండమూరి గారి పుస్తకాల పేర్లను సినిమావాళ్ళు తర్వాతి కాలంలో బాగా వాడుకున్నారు, కథలు తీసుకోకుండానే. 1986 'రాక్షసుడు' ఆయన నవలే. 2019 'రాక్షసుడు' తమిళ సినిమాకు రీమేక్, మధ్యలో 2015లో సూర్య డబ్బింగ్ సినిమా ఇంకొకటి. 'తులసి' నవల నుంచి వచ్చిన సినిమా పేరు 'కాష్మోరా', 1986లో. 2007 వెంకటేష్ 'తులసి'కి ఆ నవల అక్కర్లేదు, 2016 కార్తీ 'కాష్మోరా'కీ అక్కర్లేదు. 2017లో 'ఆనందో బ్రహ్మ' అనే దయ్యాల కామెడీ వచ్చినప్పుడు ఇంటర్ కుర్రాడొకడు మా లైబ్రరీలో అదే పేరున్న యండమూరి నవల తీసుకెళ్ళాడు. వారం తర్వాత తెచ్చి, "సార్, దయ్యం రాకుండానే అయిపోయింది" అన్నాడు. అది ప్రేమకథ. "మరి బాగుందా?" అంటే, "రెండుసార్లు చదివాను సార్" అన్నాడు సిగ్గుపడుతూ. పేరు కలవడం వల్ల ఎప్పుడైనా మంచి జరిగిందంటే అదొక్కటే నాకు గుర్తు.

దీనికి తిరగబడ్డ కేసులు ఇంకా కష్టం, పేరు మారిపోయి కథ ఒకటే ఉండేవి. కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యండమూరి 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' 1984లో 'ఛాలెంజ్'. యద్దనపూడి 'మీనా' 1973లో అదే పేరుతో వచ్చింది, 2016లో 'అ ఆ' కూడా ఆ కథ మీదే నడిచింది. ఆయన 'వెన్నెల్లో ఆడపిల్ల' (మళ్ళీ యండమూరి గురించే అంటున్నా) తెలుగులో కాదు, 1995లో కన్నడంలో 'బెళదింగళ బాలే' అయి తెరకెక్కింది. పేరు పట్టుకు వెతికేవాడికి ఇవేవీ దొరకవు.

ఇంకో చిన్న సంగతి, మీ ప్రశ్నల పట్టికలో 'కన్యాశుల్కం నవల' అని రాశారు. అది నాటకం. 1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. సవరించుకోండి, లేకపోతే విజయనగరం వాళ్ళెవరైనా చూస్తే ఊరుకోరు.

నేను ఎలా సరిచూస్తానంటే

మనిషైతే పుట్టిన సంవత్సరం, పని. సినిమా అయితే సంవత్సరం, దర్శకుడు. పుస్తకమైతే రచయిత, తొలి ముద్రణ. వీటిలో ఏదో ఒకటి పేరుకు అతకకపోతే అక్కడ ఆగిపోతాను. 'ఆధారంగా' అన్న మాట రాసే ముందు సినిమా టైటిల్స్ ఆపి చూస్తాను: 'మూలకథ', 'నవల' అని ఎవరి పేరుందో. కొన్నిసార్లు రచయిత పేరు టైటిల్స్‌లో ఉండదు. అప్పుడు ఆ నవల తర్వాతి ముద్రణల ముందుమాట తిరగేస్తే సాధారణంగా రచయితే చెప్పుకుని ఉంటారు.

రెండో గుర్తు ఉంటే చాలనీ అనుకోకండి. "బాలకృష్ణ నటించిన 'కథానాయకుడు' ఏ సంవత్సరం?" పేరుంది, నటుడున్నాడు, పకడ్బందీగా ఉంది అనిపిస్తుంది. కానీ నందమూరి బాలకృష్ణ గారికే రెండు ఉన్నాయి: 1984లో ఒకటి, 2019లో తండ్రి పాత్రలో 'ఎన్.టి.ఆర్. కథానాయకుడు'. ఈ రెండో దాంట్లోనే విద్యాబాలన్ బసవతారకం గారిగా వేసింది. ఎన్టీఆర్ 1969 'కథానాయకుడు', రజనీకాంత్ 2008 'కథానాయకుడు' వేరే. మూడో గుర్తు కావలసినచోట మూడోది పెట్టాల్సిందే.

మీ మార్కుల సంగతి. మొదటి ప్రశ్న అందరికీ తీసేయండి. రెండోది "ఎన్టీఆర్ గారి అబ్బాయి" అన్న జట్టుకు రాదు, ఉత్త 'బాలకృష్ణ' అని ఊరుకున్నవాళ్ళకు ఇవ్వొచ్చు, ఎందుకంటే మీ జవాబూ అంతే కదా. మూడో దాంట్లో లేచి గొడవపడ్డ జట్టుకు పూర్తి మార్కులు వెయ్యండి, వీలైతే సారీ కూడా చెప్పండి. ఈ లెక్కన రెండో స్థానం తారుమారయ్యేట్టుంటే సర్టిఫికెట్లు మళ్ళీ ప్రింట్ చేయించక తప్పదు. ఈసారి పిల్లల పేర్లు ఇంటిపేరుతో సహా వేయించండి, మీరు పంపిన జాబితాలో ఇద్దరు సాయికిరణ్‌లు ఉన్నారు.